పల్లెల్లో బీపీ, షుగరు: నర్సింగ్ పరిశోధనపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఏడాదికి 8,760 గంటలు. బీపీ ఉన్న మనిషి నెలకోసారి పది నిమిషాల చొప్పున డాక్టరు ముందో నర్సు ముందో కూర్చుంటే ఏడాది మొత్తానికి అయ్యేది రెండు గంటలు. మాత్ర వేసుకోవడం, మానేయడం, కాలి పుండు చూసుకోవడం, చూసుకోకపోవడం అన్నీ మిగతా 8,758 గంటల్లోనే జరుగుతాయి. ఆసుపత్రి దూరమైన పల్లెలో ఆ రెండు గంటలు కూడా దక్కవు. దీర్ఘవ్యాధుల మీద నర్సులు చేసే పరిశోధనకు అసలు పని ఆ మిగతా గంటల్లోనే ఉంది. ఈసారి వచ్చిన ఉత్తరాలు కూడా చాలావరకు వాటి గురించే.

ప్రశ్న: ఎమ్మెస్సీ నర్సింగ్ రెండో ఏడు చదువుతున్నాను. ఒక పల్లెలో పై బీపీ 160 దాటిన 60 మందిని తీసుకుని, ముందు ప్రశ్నపత్రం ఇచ్చి, 45 నిమిషాలు పాఠం చెప్పి, వారం తర్వాత మళ్లీ అదే ప్రశ్నపత్రం ఇవ్వాలనుకుంటున్నాను. బీపీ కూడా ముందూ తర్వాతా చూస్తాను. సరిపోతుందా?

జవాబు: సరిపోదు. మార్కులు మాత్రం తప్పకుండా పెరుగుతాయి. వారం కిందట విన్నది వారం తర్వాత చెప్పగలిగితే పాఠం గుర్తుందని తెలుస్తుంది, అంతే. ఉప్పు తగ్గించాలని తెలిసినవాళ్లంతా తగ్గిస్తున్నారా, మాత్ర రోజూ వేసుకుంటున్నారా అన్నది ఆ మార్కుల్లో కనిపించదు.

ఇక బీపీ సంగతి. అది కూడా తగ్గినట్టే కనిపిస్తుంది, మీ పాఠం పనిచేసినా చేయకపోయినా. దీనికి మూడు కారణాలు. బీపీ గంటగంటకూ మారుతుంది. 160 దాటినవాళ్లనే ఏరితే, ఆ రోజు మాత్రమే మామూలుకంటే పెరిగినవాళ్లు కూడా ఆ జల్లెడలో పడతారు. మళ్లీ చూసేసరికి వాళ్ల బీపీ దాని మామూలు స్థాయికి దిగి వస్తుంది, గుంపు సగటు తగ్గుతుంది. రెండోది అలవాటు. మొదటిసారి కొత్త మనిషి వచ్చి చేతికి పట్టీ చుడితే గుండె దడదడలాడుతుంది, రెండోసారి అంత ఉండదు. మూడోది రుతువు. చలికాలంలో బీపీ కాస్త ఎక్కువగా, ఎండాకాలంలో తక్కువగా ఉంటుంది. చలిలో మొదలుపెట్టి ఎండల్లో ముగించిన అధ్యయనంలో వాతావరణం చేసిన మేలు కూడా మీ ఖాతాలో పడుతుంది. పోల్చుకోవడానికి మరో గుంపు లేకపోతే ఈ మూడింటినీ విడదీయలేరు. ఆ గుంపును ఎలా ఎంచుకోవాలో కింద నాలుగో జవాబులో చెప్పాం.

మీరు వెంటనే మార్చుకోగలిగినవి ఉన్నాయి. చేర్చుకునే ముందు రెండు వేర్వేరు రోజుల్లో బీపీ చూసి, రెండిటి సగటుతో ఎంచుకోండి. రెండో కొలతను వారానికి కాకుండా కనీసం 3 నెలలకు, వీలైతే 6 నెలలకు పెట్టుకోండి. ప్రశ్నకు కూడా పదును పెట్టండి: ‘బోధన ప్రభావం’ అంటే ఏమిటో ఎవరికీ తెలియదు. ‘నర్సు నెలకోసారి ఇంటికి వెళ్లి, మిగిలిన మాత్రలు లెక్కబెట్టి, బీపీ చూసి, మాత్రకు అడ్డొస్తున్న ఒక్క సమస్యను ఆ పూటే పరిష్కరిస్తే, 6 నెలలకు పై బీపీ ఎంత తగ్గుతుంది?’ అని రాస్తే ఎవరు, ఏం, ఎన్నిసార్లు, ఏది కొలవాలి అన్నీ అందులోనే ఉంటాయి. నర్సు చేసే పనిని మరో పల్లెలో మరో నర్సు అచ్చంగా చేయగలిగేంత వివరంగా రాయాలి. 2014లో వచ్చిన టైడియర్ అనే 12 అంశాల పట్టిక ఇందుకోసమే. థీసిస్‌లో ‘ఆరోగ్య విద్య అందించబడినది’ అన్న ఒక్క వాక్యం చూసినప్పుడల్లా బాధేస్తుంది. ఆ వాక్యం వెనక ఎంత కష్టం ఉందో, అది ఎవరికీ పనికిరాకుండా ఎలా పోయిందో రెండూ అర్థమవుతాయి కాబట్టి.

ప్రశ్న: కాన్సెప్చువల్ ఫ్రేమ్‌వర్క్, అంటే పరిశోధనకు ఆధారమయ్యే సిద్ధాంతపు చట్రం, తప్పనిసరి అంటున్నారు. బొమ్మ వేసి ఒక పేజీ రాస్తే చాలా?

జవాబు: బొమ్మ ఒక అధ్యాయంలో, కొలతలు మరో అధ్యాయంలో ఉండి రెండిటికీ మాటల్లేకపోతే అది దండగ. రీగెల్, జార్స్మా, స్ట్రోంబెర్గ్ 2012లో దీర్ఘవ్యాధుల స్వీయ సంరక్షణ మీద ఇచ్చిన సిద్ధాంతం చూడండి. అందులో మూడు మెట్లు: రోజూ చేయాల్సింది చేయడం, ఒంట్లో మార్పును గమనించడం, మార్పు కనిపిస్తే తగిన పని చేయడం. గుండె బలహీనత ఉన్న రోగికి మొదటిది మాత్రలు, రెండోది రోజూ బరువు చూసుకోవడం, మూడోది 3 రోజుల్లో 2 కిలోలకు మించి పెరిగితే ఆలస్యం చేయకుండా నర్సుకు చెప్పడం. ఈ మూడింటికీ మూడు కొలతలు పెట్టుకుంటే ఫ్రేమ్‌వర్క్ పని చేసినట్టు. చాలామంది రెండో మెట్టు దగ్గరే ఆగిపోతారు. బరువు పుస్తకంలో నిక్కచ్చిగా రాసి ఉంటుంది, 2 కిలోలు పెరిగిన సంగతి ఎవరికీ చెప్పి ఉండరు.

ప్రశ్న: ఇంటింటికీ వెళ్లి బీపీ చూస్తున్నాం. ఒకే మనిషికి ఒకరు చూస్తే 152, ఇంకొకరు చూస్తే 134 వస్తోంది. మిషను మార్చాలా?

జవాబు: మిషనుకంటే ముందు చూసే తీరు సరిచేయాలి. 18 తేడా రావడానికి రెండు మూడు చిన్న పొరపాట్లు కలిస్తే చాలు.

పొలం నుంచి అప్పుడే వచ్చిన మనిషిని గుమ్మంలో నిలబెట్టి చూడకూడదు. కూర్చోబెట్టి 5 నిమిషాలు కదలకుండా ఉండనివ్వాలి. గడియారం చూసుకోవాల్సిందే. మన అంచనాలో 5 నిమిషాలంటే తరచూ రెండే ఉంటాయి. అరగంట ముందు నుంచి బీడీ, సిగరెట్టు, టీ, కాఫీ ఉండకూడదు. మూత్రం వచ్చేలా ఉంటే వెళ్లి రమ్మనాలి. వీపుకు ఆనుకునేది ఉండాలి, పాదాలు నేలకు ఆనాలి, కాలు మీద కాలు వద్దు. మంచం అంచున వీపుకు ఆసరా లేకుండా, కాళ్లు వేలాడేసుకుని కూర్చున్న మనిషికి చూస్తే అంకె ఎక్కువగా వస్తుంది. గోడవారగా కుర్చీ వేయించండి. కుర్చీ లేకపోతే మంచాన్ని గోడకు జరిపి వీపు ఆనించి, పాదాల కింద పీట పెట్టండి.

చెయ్యి గుండె ఎత్తులో దేనిమీదైనా ఆని ఉండాలి. చేతిని ఊరికే కిందికి వదిలేస్తే, గుండెకంటే కిందికి దిగిన ప్రతి సెంటీమీటరుకూ సుమారు 0.8 చొప్పున బీపీ ఎక్కువ చూపిస్తుంది. 10 సెంటీమీటర్లు దిగితే 8 పెరిగినట్టే. చొక్కా చెయ్యి బిగుతుగా పైకి మడిచినా తప్పే, చొక్కా మీద పట్టీ చుట్టినా తప్పే. పట్టీ సైజు అన్నిటికంటే ముఖ్యం. భుజానికీ మోచేతికీ మధ్యలో టేపుతో చుట్టుకొలత తీయండి. చాలా మిషన్లతో వచ్చే మామూలు పట్టీ 22 నుంచి 32 సెంటీమీటర్ల వరకే. అంతకంటే లావు చేతికి అదే చుడితే లేని బీపీ కనిపిస్తుంది. పెద్ద పట్టీ ఒకటి సంచిలో ఉండి తీరాలి.

ఇక మాటలు. పట్టీలో గాలి ఎక్కుతుండగా ‘అమ్మాయి పెళ్లి ఎప్పుడు?’ అని మనం అడుగుతాం, వాళ్లు చెబుతారు. మర్యాదే కానీ, మాట్లాడితే పై బీపీ పది దాకా పెరగవచ్చు. ‘ఇది అయ్యేదాకా ఇద్దరం మాట్లాడొద్దు’ అని ముందే చెప్పండి.

మొదటిసారి రెండు చేతులకూ చూడండి. తేడా 10 దాటితే ఎక్కువ వచ్చిన చేతికే ఆ తర్వాత ఎప్పుడూ చూడాలి. ఏ చెయ్యో ఫారంలో గడి ఉండాలి. నిమిషం ఎడంతో మూడుసార్లు చూసి, మొదటిది పక్కన పెట్టి మిగతా రెండిటి సగటు తీసుకోండి, మూడూ రాయండి. నాడి తడబడుతుంటే ఆ సంగతి రాసి డాక్టరుకు చూపించాలి. ఆటోమేటిక్ మిషను అలాంటివాళ్లలో నమ్మకంగా చూపించకపోవచ్చు.

ఎవరు సరిగా చూస్తున్నారో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. ఒక్కొక్కరు రాసిన అంకెల చివరి స్థానం లెక్కేయండి. ఆటోమేటిక్ మిషను అయితే సున్నాతో ముగిసేవి సుమారు 10 శాతం ఉండాలి. రెండేసి అంకెలకు ఒక గీత ఉన్న పాత మిషను అయితే 20 శాతం. ఎవరి పుస్తకంలోనైనా 40, 50 శాతం సున్నాలుంటే వాళ్లు అంకెను సర్దేస్తున్నారని అర్థం. కోప్పడకుండా మళ్లీ నేర్పండి. వారానికోసారి ఈ లెక్క చూస్తే ఆరు నెలల డేటా పాడవకముందే తెలుస్తుంది.

పై బీపీ 180 గానీ కింది బీపీ 120 గానీ దాటితే 5 నిమిషాలాగి మళ్లీ చూడండి. అంతే ఉండి, గుండెనొప్పి, ఆయాసం, మాట తడబాటు, ఒక పక్క చెయ్యీ కాలూ పట్టు తప్పడం, చూపు మసకబారడం వీటిలో ఏది ఉన్నా పరిశోధన ఆపి మనిషిని ఆసుపత్రికి పంపాలి. ఇవేవీ లేకపోతే కంగారుపెట్టొద్దు. ఉన్న మాత్రల్లోంచి ఒకటి అదనంగా మింగించొద్దు. ఒకటి రెండు రోజుల్లో డాక్టరు చూసేలా ఏర్పాటు చేయండి.

ప్రశ్న: ఒక పల్లెలో నర్సు ఇంటికి వెళ్లే పద్ధతి, పక్క పల్లెలో మామూలు వైద్యం. ఒక్కో పల్లెలో 100 మంది. గైడు చాలంటున్నారు, స్టాటిస్టిక్స్ మేడమ్ చాలదంటున్నారు. ఎవరిది నిజం?

జవాబు: స్టాటిస్టిక్స్ మేడమ్‌దే. ఒక పల్లెకూ మరో పల్లెకూ పోలిస్తే, వచ్చిన తేడా నర్సుదో పల్లెదో చెప్పే దారి లేదు. ఒక ఊళ్లో మందుల సరఫరా బాగుండవచ్చు, ఇంకో ఊరికి బస్సు లేకపోవచ్చు. 100 మందిని 1,000 చేసినా ఈ లోపం పోదు. అటూ ఇటూ ఎక్కువ పల్లెలు కావాలి. పోనీ ఒకే పల్లెలో సగం మందిని ఇటూ సగం మందిని అటూ చీటీలు తీద్దామంటే, నర్సు పక్కింట్లో చెప్పిన మాట గోడ దాటి వస్తుంది, తేడా చెరిగిపోతుంది. అందుకే పల్లెను ఒక ముక్కగా తీసుకుని చీటీలు తీసే క్లస్టర్ పద్ధతి వాడతారు.

లెక్క చేసి చూద్దాం. పై బీపీలో 5 తేడా పట్టుకోవాలి. మనిషికీ మనిషికీ ఉండే చెదురు, అంటే స్టాండర్డ్ డీవియేషన్, 18 అనుకుందాం. నిజంగా తేడా ఉంటే పట్టుకునే అవకాశం, అంటే పవర్, 80 శాతం. లేని తేడాను ఉందనుకునే తప్పుకు హద్దు 5 శాతం. ఈ రెండు శాతాల నుంచి వచ్చే 15.7ను 18 వర్గంతో గుణించి 5 వర్గంతో భాగిస్తే ఒక్కో వైపు 204 మంది. ఇది మనుషులను విడివిడిగా చీటీలు తీసినప్పటి లెక్క. ఒకే ఊరివాళ్లు కొంతవరకు ఒకేలా ఉంటారు. ఆ పోలికను ఐసీసీ అనే అంకెతో చెబుతారు. దాన్ని 0.05 అనుకుని, ఊరికి 20 మందిని తీసుకుంటే, 20లో 1 తీసేసి 0.05తో గుణించి 1 కలపాలి. వచ్చేది 1.95. దాంతో 204ను గుణిస్తే 398. మధ్యలో 15 శాతం జారిపోతారనుకుని 0.85తో భాగిస్తే 469. ఊరికి 20 చొప్పున ఒక్కో వైపు 24 ఊళ్లు.

ఇప్పుడు అదే లెక్క ఊరికి 100 మందితో చేయండి. గుణకం 5.95కు ఎగబాకుతుంది, జారిపోయేవాళ్లను కలపకముందే ఒక్కో వైపు 1,214 మంది కావాలి. ఊరికి 10 మందితో చేస్తే గుణకం 1.45, జారిపోయేవాళ్లను కలిపినా ఒక్కో వైపు 349 మందితో సరిపోతుంది, కానీ ఒక్కో వైపు 35 ఊళ్లు తిరగాలి. ఒక ఊళ్లో మనుషులను పెంచుకుంటూ పోవడంకంటే ఊళ్ల సంఖ్య పెంచడమే లాభం.

పెద్ద అధ్యయనాలు ఈ దారిలోనే నడిచాయి. బంగ్లాదేశ్, పాకిస్తాన్, శ్రీలంక పల్లెల్లో చేసిన కోబ్రా-బీపీఎస్ అధ్యయనం 30 క్లస్టర్లలో 2,645 మందితో సాగింది. ఆరోగ్య కార్యకర్తలు ఇళ్లకు వెళ్లి బీపీ చూసి, చెప్పాల్సింది చెప్పి, అవసరమైనవాళ్లను డాక్టర్లకు కలిపారు. 24 నెలలకు మామూలు వైద్యం కంటే పై బీపీ సగటున 5.2 ఎక్కువ తగ్గింది. 2020లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. చైనా పల్లెల్లో 326 ఊళ్లలో, దాదాపు 34 వేల మందితో, ఎంబీబీఎస్ లాంటి పూర్తి వైద్య పట్టా లేని గ్రామ వైద్యులే నియమాల ప్రకారం మందులు మొదలుపెట్టి, మోతాదు పెంచుతూ నడిపించిన అధ్యయనంలో, 18 నెలలకు బీపీ 130, 80 లోపు ఉన్నవాళ్లు ఒక వైపు 57 శాతం, మామూలు వైద్యం వైపు 19.9 శాతం. ఈ రెండోది నర్సులు ప్రత్యేకంగా చదవాలి. మంచి మాటలకు తోడు మోతాదు మార్చే అధికారం కూడా చేతిలో ఉంటే ఎంత తేడా వస్తుందో అందులో తెలుస్తుంది.

మీకు అన్ని ఊళ్లు తిరిగే వీలు లేదని తెలుసు. అప్పుడు మీ రెండు పల్లెల పనిని నిజాయితీగా ‘సాధ్యాసాధ్యాల అధ్యయనం’ అని పిలవండి. అడిగినవాళ్లలో ఎంతమంది చేరారు, 6 నెలలకు ఎంతమంది నిలిచారు, అనుకున్న సందర్శనల్లో ఎన్ని జరిగాయి, ఒక్కోదానికి ఎన్ని నిమిషాలు పట్టింది అని రాయండి. తర్వాత పెద్ద అధ్యయనం చేసేవాళ్లకు అదే బంగారం. ఒక్క జాగ్రత్త: ఏ ఊరికి ఏది వచ్చిందో తెలియకముందే మనుషులను చేర్చుకోండి. తెలిశాక చేర్చుకుంటే, నర్సు వచ్చే ఊళ్లో మాట వినేవాళ్లే ముందుకొస్తారు.

ప్రశ్న: ఇంగ్లీషు ప్రశ్నావళిని నేనే తెలుగులోకి మార్చుకున్నాను. ఇంకేమైనా చేయాలా?

జవాబు: చేయాలి. ఇద్దరు విడివిడిగా తెలుగు చేయాలి. వాళ్లలో ఒకరు వైద్యం తెలియనివారైతే మంచిది. రెండిటినీ కలిపి ఒకటి చేశాక, మూల ప్రశ్నావళి చూడని మరో ఇద్దరు దాన్ని తిరిగి ఇంగ్లీషు చేయాలి. ఆ తర్వాత అందరూ కూర్చుని తేడాలు పరిష్కరించి, 30, 40 మంది మీద పరీక్షించాలి. ప్రతి ప్రశ్నా విషయానికి తగినదేనా అని నిపుణులను అడిగి కంటెంట్ వ్యాలిడిటీ తీసుకునేటప్పుడు ఆరుగురిలో ఐదుగురు తగిందంటే 0.83, ఉంచవచ్చు. నలుగురే అంటే 0.67, మార్చాలి లేదా తీసేయాలి.

ఇవన్నీ చేసినా తెలుగులో చిక్కులు వేరేగా ఉంటాయి. ‘మందు మానేశారా?’ అని అడిగి చూడండి. ఒకాయన బీపీ మాత్ర గురించి జవాబు చెబుతాడు, ఇంకొకాయన సారా గురించి, భార్య పక్కనుంటే తలొంచుకుని మరీ. మందు అంటే పురుగుమందు కూడా. ‘బీపీ మాత్ర’, ‘షుగరు మాత్ర’ అనే రాయండి. ‘అప్పుడప్పుడు, ఒక్కోసారి, అరుదుగా’ అని మూడు గడులు పెడితే వాటి మధ్య తేడా చదువుకున్నవాళ్లకే తెలియదు. ‘పోయిన 7 రోజుల్లో ఎన్ని రోజులు వేసుకోలేదు?’ అని అంకె అడగండి. ‘మాత్రలు వేసుకోవడం మరచిపోవడం లేదు కదా?’ లాంటి ప్రశ్నకు అవునన్నా కాదన్నా అర్థం తేలదు. ‘ఉప్పు, నూనె తగ్గించారా?’ అంటే ఒకటి తగ్గించి రెండోది తగ్గించనివాళ్లు ఏం చెప్పాలి?

పరీక్షించేటప్పుడు జవాబు రాసుకుని వచ్చేయకండి. ‘నేను అడిగింది మీ మాటల్లో చెప్పండి’ అనండి. పదిమందిలో ముగ్గురు వేరేగా చెబితే ఆ ప్రశ్న పోయినట్టే. ఇంకొకటి: మాత్రలు ఎంత క్రమంగా వాడుతున్నారో కొలిచే మోరిస్కీ స్కేలు లాంటి కొన్నిటికి అనుమతి, లైసెన్సు కావాలి. డేటా అంతా తీశాక అడిగితే చిక్కుల్లో పడతారు.

ప్రశ్న: అందరూ ‘రోజూ వేసుకుంటున్నానమ్మా’ అంటారు. బీపీ మాత్రం దిగదు. అబద్ధమాడుతున్నారా?

జవాబు: ఆ మాటను మీ థీసిస్‌లో వాడకండి, మనసులో కూడా వద్దు. దీర్ఘవ్యాధుల మందులు చెప్పినట్టు వాడేవాళ్లు అభివృద్ధి చెందిన దేశాల్లోనే సగటున సగం మంది అని 2003లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నివేదిక చెప్పింది. మాత్ర మానడం మామూలు విషయమే అన్నట్టు అడిగితేనే నిజం బయటికొస్తుంది: ‘చాలామందికి వారంలో ఒకటి రెండు తప్పిపోతుంటాయి. మీకు ఎన్ని తప్పాయి?’

మాత్రలు లెక్కబెట్టండి. 30 ఇచ్చాక 28వ రోజున 8 మిగిలితే, 28కి 22 వేసుకున్నట్టు. 78.6 శాతం. సాధారణంగా 80 దాటితే బాగా వాడుతున్నట్టు లెక్క. అయితే ముందు నెలలో మిగిలినవి ఇందులో కలిశాయా, ఇంట్లో ఇంకొకరు అదే మాత్ర వాడుతున్నారా అని అడగకపోతే లెక్క తప్పుతుంది. ఫలానా రోజు వస్తామని ముందే చెబితే మిగిలినవి కనబడకుండా పోవచ్చు. అందుకే ఏ వారం వస్తారో చెప్పండి, ఏ రోజో చెప్పకండి. ఖాళీ అట్టలు కూడా తెమ్మనండి.

కారణాల దగ్గరే ఎక్కువసేపు కూర్చోండి, ఎందుకంటే మన పరిష్కారం అక్కడే దొరుకుతుంది. మాత్రలు అయిపోయి మళ్లీ తెచ్చుకునేదాకా వచ్చే ఎడం పల్లెల్లో పెద్ద కారణం. తేదీలు రాయిస్తే ఎన్ని రోజులో తెలుస్తుంది. ఆమ్లోడిపిన్‌తో చీలమండలు వాస్తాయి, ఎనలాప్రిల్ జాతి మందులతో పొడిదగ్గు వస్తుంది, మూత్రం ఎక్కువ పోయే మాత్ర బస్సెక్కే రోజున వేసుకోరు. మొదటి రెండూ డాక్టరు మందు మారిస్తే పోయేవే, మూడోది వేసుకునే వేళ మారిస్తే చాలు. ‘బీపీ నార్మల్ వచ్చింది కదా’ అని ఆపేసేవాళ్లు మరో గుంపు. వాళ్లకు మాత్ర వల్లే నార్మల్ ఉందని, ఆపితే మళ్లీ పెరుగుతుందని చెప్పి, ‘ఇప్పుడు మీకు అర్థమైంది మీ ఇంట్లోవాళ్లకు ఎలా చెబుతారో నాకు చెప్పండి’ అని అడగండి. తప్పు చెబితే మనం సరిగా చెప్పలేదని అర్థం. మళ్లీ చెప్పాలి.

అన్ని మాత్రలూ నిజంగానే వేసుకున్నా బీపీ దిగని వాళ్లుంటారు. ఏడాదిగా ఒకే 5 మిల్లీగ్రాముల మాత్ర, ఎవరూ పెంచలేదు. ఆ లోపం రోగిది కాదు. మీ ఫారంలో ‘పోయిన 6 నెలల్లో మోతాదు మారిందా?’ అన్న గడి లేకపోతే ఈ సంగతి బయటపడనే పడదు.

ప్రశ్న: షుగరుకు హెచ్‌బీఏ1సీ చూడాలా, గ్లూకోమీటరు చాలా?

జవాబు: పరిశోధన ఫలితంగా చూపడానికి హెచ్‌బీఏ1సీ మంచిది, ఆ రక్తపరీక్ష గత 8 నుంచి 12 వారాల షుగరు సగటు చెబుతుంది. కాబట్టి 3 నెలల లోపు రెండోసారి చూసి ప్రయోజనం లేదు. రక్తహీనత ఎక్కువగా ఉన్నచోట జాగ్రత్త. ఐరన్ లోపంలో అది ఉన్నదానికంటే ఎక్కువ చూపవచ్చు, ఎర్రకణాలు త్వరగా చితికిపోయే జబ్బుల్లో తక్కువ చూపుతుంది. హిమోగ్లోబిన్ కూడా చూసి పక్కన రాసుకోండి. గ్లూకోమీటరు వాడితే వేలిని సబ్బుతో కడిగించి పూర్తిగా ఆరనివ్వండి. పండు ఒలిచిన వేలితో తీస్తే ఆ తీపి కూడా లెక్కలోకి వస్తుంది. స్ట్రిప్పుల డబ్బా మూత తీసి ఉంచినా, ఎండలో బండి సంచిలో వదిలేసినా అవి పాడవుతాయి. డబ్బా తెరిచిన తేదీ దాని మీదే రాయండి.

షుగరు 70 కంటే తక్కువ వస్తే ముందు ఫారం కింద పెట్టండి. మెలకువగా ఉండి మింగగలిగితే 15 గ్రాముల గ్లూకోజు ఇచ్చి 15 నిమిషాలకు మళ్లీ చూడాలి, ఇంకా 70 లోపే ఉంటే మళ్లీ ఇవ్వాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమిపిరైడ్ లాంటివి వాడేవాళ్లలో కోలుకున్నాక కూడా మళ్లీ పడిపోవచ్చు, ఒంటరిగా వదలకండి.

ప్రశ్న: చిన్న ఊరు, అందరికీ అందరూ తెలుసు. పేర్లు తీసేస్తే గోప్యత పాటించినట్టేనా?

జవాబు: పేరు తీసేసి ‘58 ఏళ్ల రిటైర్డ్ హెడ్మాస్టరు, ఒక కాలు తీసేశారు’ అని రాస్తే ఊరంతా గుర్తుపడుతుంది. వయసును పదేళ్ల మెట్లలో రాయండి, వృత్తి అవసరం లేకపోతే వదిలేయండి, పట్టికలో 5 కంటే తక్కువ మంది ఉన్న గడులను పక్క గడితో కలపండి. డేటా తీసేది అదే ఊరి మనిషైతే మద్యం, మనోవ్యాధి లాంటి ప్రశ్నలు వేరే ఊరి నర్సు చేత అడిగించండి. చదవలేనివాళ్లకు సమ్మతి పత్రం చదివి వినిపించాలి. అధ్యయనంతో సంబంధం లేని సాక్షి ఎదుట వేలిముద్ర తీసుకోవాలి. ‘చేరకపోయినా మీ మాత్రలు ఆగవు’ అన్న వాక్యం అందులో తప్పక ఉండాలి. మందులిచ్చే నర్సే అడుగుతుంటే కాదనడం వాళ్లకు కష్టం.

ప్రశ్న: 6 నెలలు అయ్యేసరికి 120 మందిలో 31 మంది కనిపించలేదు. ఉన్నవాళ్లతో ఫలితం రాసేయవచ్చా?

జవాబు: ఉన్న 89 మందితోనే రాస్తే ఫలితం అందంగా వస్తుంది, అందుకే అనుమానించాలి. వెళ్లిపోయినవాళ్లు తరచూ జబ్బు ముదిరినవాళ్లు, పనికి వలస పోయినవాళ్లు, చనిపోయినవాళ్లు. ముందుగా 31 మందికీ ఒక్కొక్కరికి కారణం రాయండి. వాళ్ల మొదటి రోజు బీపీ, వయసు, చదువు మిగతా 89 మందితో పోల్చి పట్టిక ఇవ్వండి. ఎవరు ఏ గుంపులో మొదలయ్యారో ఆ గుంపులోనే లెక్కించండి. లేని బీపీలను ఎలా పూరించారో, పూరించకపోతే ఎందుకో చెప్పండి. వచ్చేసారి చేర్చుకునే రోజే ఇంటి ఫోను కాక మరో ఇద్దరి ఫోను నంబర్లు అనుమతితో తీసుకోండి, వలస ఏ నెలల్లో ఉంటుందో అడిగి కొలతల తేదీలు దానికి ముందో తర్వాతో పెట్టుకోండి.

ఆ 31 మందిలో ఊళ్లోనే ఉండి రానివాళ్ల ఇళ్లకు ఈ వారమే వెళ్లండి. చివరిసారి 160 దాటినవాళ్ల పేర్లు వేరే కాగితం మీద రాసి, వాళ్లతో మొదలుపెట్టండి.